అక్వేరియంలో చేపలు కొట్టుకుంటున్నాయా? ‘రౌడీ చేప’ను తీసేసే ముందు ఈ విషయాలు తెలుసుకోండి!

ఇంట్లో అక్వేరియం ఉంటే ఆ అందమే వేరు. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి పది నిమిషాలు చేపలను చూస్తూ కూర్చుంటే చాలు, మనసు తేలికపడుతుంది. కానీ ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే ఏంజెల్ చేప రెక్కలు చీలికలు పీలికలుగా కనిపిస్తాయి. ఇంకో చేప ఫిల్టర్ వెనక నక్కి బయటకే రాదు. రెండు రోజులు గడిచేసరికి అది నీళ్లపై తేలిపోతుంది. పిల్లలు ఏడుస్తారు. పెద్దవాళ్లు షాపుకెళ్లి ఇంకో చేపను తెస్తారు. వారం తిరక్కుండానే దానికీ అదే గతి..

ఇలాంటప్పుడు మనం చేసే మొదటి పని, కొట్టే చేపను పట్టుకుని బయట పడేయడం. కానీ చాలా ట్యాంకుల్లో దీంతో గొడవ ఆగదు. ఇన్నాళ్లూ రెండో స్థానంలో ఉన్న చేప ఇప్పుడు పెత్తనం మొదలుపెడుతుంది. ఎందుకంటే చాలాసార్లు అసలు సమస్య చేపలో ఉండదు, మనం పెట్టిన ట్యాంక్‌లో ఉంటుంది. చోటు, సంఖ్య, జోడీ, దాక్కునే వీలు.. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తేడా కొట్టి ఉంటుంది. అది పట్టుకుంటే చాలా గొడవలు ఇంట్లోనే సర్దుకుంటాయి. ఎలాగో చూద్దాం.

చేపలు అసలెందుకు కొట్టుకుంటాయి?

చేపలకు మనలా పగలు, పంతాలు ఉండవు. వాటి కొట్లాటకు ముఖ్యంగా నాలుగు కారణాలు.

• సొంత జాగా: చాలా చేపలు ఒక రాయి, ఒక మూల, ఒక మొక్కను తమదిగా భావిస్తాయి. ఆ హద్దులోకి వచ్చినదాన్ని తరిమేస్తాయి. నదిలో అయితే ఓడిన చేప దూరంగా పారిపోతుంది. రెండడుగుల గాజు పెట్టెలో ఎక్కడికి పోతుంది? అందుకే అక్కడ చిన్న బెదిరింపుతో ముగిసే గొడవ ఇక్కడ ప్రాణాల మీదకు వస్తుంది.
• తిండి: మేత అంతా ఒకే చోట పడితే బలమైన చేప దాన్ని ఆక్రమిస్తుంది.
• జత, గుడ్లు, పిల్లలు: గుడ్లు పెట్టిన జంట నిన్నటిదాకా సాధువుగా ఉన్నా, ఈరోజు ట్యాంక్ మొత్తాన్ని ఖాళీ చేయించాలని చూస్తుంది.
• గుంపులో పెద్దరికం: గుంపుగా బతికే చేపల్లో ఎవరు పైన, ఎవరు కింద అనేది తేలాలి. గుంపు చిన్నదైతే దెబ్బలన్నీ ఒకే చేపకు పడతాయి.

తరమడం వేరు, చంపడం వేరు

తరిమిన ప్రతిసారీ కంగారు పడక్కర్లేదు. కాసేపు వెంటపడి వదిలేసి, ఆ తర్వాత రెండూ మామూలుగా తిరుగుతూ మేత తింటుంటే అది మామూలు హెచ్చరికే. ఈ కింది లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి.

• రెక్కలు, తోక చివర్లు చిరిగి ఉండటం, పొలుసులు ఊడిపోవడం
• ఒకే చేప ఎప్పుడూ పైమూలలోనో, హీటర్ వెనకో నక్కి ఉండటం
• మేత వేసినా బయటకు రాకపోవడం
• రెక్కలు ఒంటికి దగ్గరగా ముడుచుకోవడం, రంగు వెలిసిపోవడం
• మొప్పలు వేగంగా కొట్టుకోవడం

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. దెబ్బ తిన్న చేప ఎప్పుడూ ఆ దెబ్బతోనే చనిపోదు. నిరంతర భయంతో తిండి మానేస్తుంది, రోగనిరోధక శక్తి తగ్గుతుంది. చిరిగిన రెక్కల దగ్గర ఇన్ఫెక్షన్ వస్తుంది. పైకి పెద్ద గాయం లేకుండానే చేప పోవడానికి ఇదీ ఒక కారణం.

అసలు దోషి ఎవరో ఫోన్‌తో పట్టుకోండి

మనం ట్యాంక్ దగ్గరికి వెళ్లగానే చేపలన్నీ మేత కోసం ముందుకు వచ్చేస్తాయి. ఆ కాసేపు కొట్లాట కనిపించదు. అందుకే ఫోన్‌ను ఒక స్టాండ్‌కో, పుస్తకాల దొంతరకో ఆనించి 15 నిమిషాలు వీడియో తీయండి. మీరు పక్క గదిలోకి వెళ్లిపోండి. పొద్దున ఒకసారి, మేత వేసేటప్పుడు ఒకసారి, లైట్ ఆర్పే ముందు ఒకసారి తీస్తే చాలు.

వీడియోలో మూడు విషయాలు చూడండి. ఎవరు తరుముతున్నారు? ఏ చోటు దగ్గర తరుముతున్నారు? ఎప్పుడు తరుముతున్నారు? ఒకే రాయి దగ్గర జరుగుతుంటే అది జాగా గొడవ. మేతప్పుడే జరుగుతుంటే తిండి గొడవ. ఒక జంట ఒక ఆకునో, గాజునో అంటిపెట్టుకుని అందరినీ తరుముతుంటే అక్కడ గుడ్లు ఉన్నట్టే. చాలామంది పెద్ద చేపనే అనుమానిస్తారు. తీరా వీడియో చూస్తే రెక్కలు కొరికేది చిన్న బార్బ్ అని తేలుతుంది.

వెంటనే చేయాల్సినవి

1. బాగా గాయపడిన చేపను వేరే టబ్‌లోకి మార్చండి. ఆ టబ్‌లో పాత ట్యాంక్ నీళ్లే పోయండి, గాలి పంపు పెట్టండి, పైన మూత వేయండి.
2. వేరే టబ్ లేకపోతే ట్యాంక్ మధ్యలో చిల్లులున్న ప్లాస్టిక్ షీట్ అడ్డుగా పెట్టండి. నీళ్లు అటూ ఇటూ తిరగాలి, చేప మాత్రం దాటకూడదు.
3. కొన్ని గంటలు లైట్ ఆర్పేయండి. చీకట్లో చాలా చేపలు శాంతిస్తాయి.
4. గాయాలు చిన్నవే అయితే కొట్టే చేపనే వారం రోజులు వేరుగా ఉంచండి. ఈలోగా ట్యాంక్‌లో రాళ్లు, మొక్కలు, చెక్కలు అన్నీ స్థానాలు మార్చేయండి. అది తిరిగి వచ్చేసరికి పాత జాగా ఉండదు. మిగతా చేపలు అప్పటికే కుదురుకుని ఉంటాయి. కొత్తగా వచ్చినట్టు అదే తగ్గి ఉంటుంది.

నాలుగో చిట్కా ఖర్చు లేనిది. చాలా ట్యాంకుల్లో దీంతోనే సగం గొడవ తగ్గుతుంది.

ఏ చేపతో ఏ ఇబ్బంది?

ఫైటర్: థాయ్‌లాండ్ ప్రాంతపు చేప. 2019లో ఆ దేశం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. ‘ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు’ అనే సామెత దీనికి అతికినట్టు సరిపోతుంది. రెండు మగ ఫైటర్లను ఒకే ట్యాంక్‌లో ఎప్పుడూ వేయకండి. పొడవు తోకల గప్పీలను కూడా ఇది పోటీ మగచేప అనుకుని కొట్టవచ్చు. అలాగని షాపులో పెట్టినట్టు చిన్న గాజు గ్లాసులో బంధించడమూ సరికాదు. ఒక్క ఫైటర్‌కు కనీసం 15 నుంచి 20 లీటర్ల నీళ్లు ఉంటే మంచిది. ఇది నీటిపైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. కాబట్టి పైభాగం కొంత ఖాళీగా వదలాలి.

టైగర్ బార్బ్: రెండో మూడో కొంటేనే అసలు సమస్య. గుంపులో పెద్దరికం తేల్చుకునే చేప ఇది. కనీసం 8 నుంచి 10 ఉంటే వాటిలో అవే తరుముకుంటూ తిరుగుతాయి. మిగతావాటి జోలికి పోవడం తగ్గుతుంది. అయినా సరే ఏంజెల్, గప్పీ, ఫైటర్ లాంటి పొడవు రెక్కల చేపలతో కలపకండి.

ఏంజెల్: చిన్నప్పుడు ఆరేడు కలిసి హాయిగా తిరుగుతాయి. పెద్దయ్యాక జత కట్టిన జంట మిగతావాటిని ఒక మూలకు నెట్టేస్తుంది. అప్పుడు ఆ జంటను వేరే ట్యాంక్‌కు మార్చడమే మార్గం. నియాన్ టెట్రా లాంటి చిన్న చేపలను పెద్ద ఏంజెల్ మింగేయగలదు. అది కోపం కాదు, ఆకలి.

గప్పీ, మోలీ, ప్లాటీ: ఇక్కడ మగచేపలు ఆడచేపల వెంట రోజంతా పడతాయి. ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపల లెక్కన వేస్తే ఆ ఒత్తిడి పంచుకుంటాయి. రంగుల కోసం మగవాటినే కొంటే అన్నీ మగవే ఉంచండి. నాలుగు మగవాటి మధ్య ఒక్క ఆడచేపను వేస్తే దాని ప్రాణం తీసినట్టే.

గోల్డ్ ఫిష్: ఒకదాని వెనక ఒకటి పడుతూ పొట్ట కింద పొడుస్తుంటే అది కొట్లాట కాకపోవచ్చు. మగచేప మొప్పల మూతపై చిన్న తెల్లటి చుక్కలు కనిపిస్తే గుడ్ల కాలం వచ్చిందని అర్థం. ఆడచేప అలసిపోతే కొన్ని రోజులు వేరు చేయండి. గోల్డ్ ఫిష్‌ను బార్బ్‌లు, సిక్లిడ్లతో అసలు కలపకండి.

రెడ్ టెయిల్ షార్క్: పేరుకే షార్క్. నిజానికి మన శీలావతి చేపల కుటుంబానికి చెందింది. ట్యాంక్‌కు ఒకటే ఉండాలి. రెండు వేస్తే బలహీనమైనదాన్ని రెండోది బతకనివ్వదు.

ఫ్లవర్‌హార్న్, ఆస్కార్: అదృష్టం కలిసొస్తుందని ఫ్లవర్‌హార్న్‌ను ఇళ్లలో, షాపుల్లో పెంచేవాళ్లు మనదగ్గర చాలామందే ఉన్నారు. ఇది ప్రకృతిలో పుట్టిన జాతి కాదు. 1990ల్లో మలేసియాలో రకరకాల సిక్లిడ్లను కలిపి పుట్టించారు. ఒంటరిగా ఉంచడమే దీనికి మేలు. చెయ్యి పెడితే యజమానినీ కొరుకుతుంది. ఆస్కార్ షాపులో వేలెడంత ఉంటుంది. ఏడాది తిరిగేసరికి పాతిక సెంటీమీటర్లు దాటగలదు. నోట్లో పట్టే ప్రతి చేపా దానికి మేతే. ఈ రెండు రకాలకూ 4 అడుగుల ట్యాంక్ లేకపోతే కొనకపోవడమే మంచిది.

మీ ట్యాంక్‌లో ఎన్ని లీటర్లు? లెక్క ఇలా..

పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలవండి. మూడింటినీ గుణించి 1000తో భాగించండి. లీటర్లు వస్తాయి. ఉదాహరణకు 60×30×30 ట్యాంక్ అంటే 54 లీటర్లు. ఇసుక, రాళ్లు పోను ఇంకా తక్కువే. 120×45×45 ట్యాంక్ అంటే 243 లీటర్లు.

అయితే లీటర్లు ఒక్కటే చూస్తే సరిపోదు. జాగా కోసం కొట్టుకునే చేపలకు నేల ముఖ్యం. ఎత్తుగా, సన్నగా ఉండే ట్యాంక్ కన్నా పొడవుగా ఉండే ట్యాంక్ మేలు. ఏంజెల్ లాంటి నిలువు చేపలకు మాత్రం ఎత్తు కూడా కావాలి.

కంటికి అడ్డం.. గొడవకు అడ్డం

చాలా ఇళ్లలో ట్యాంక్ మధ్యలో ఒక ప్లాస్టిక్ కోట, ఒక బొమ్మ, నాలుగు రంగు రాళ్లు ఉంటాయి. మిగతాదంతా ఖాళీ. ఈ మూల నుంచి ఆ మూల దాకా అన్నీ కనిపిస్తుంటే బలమైన చేప ట్యాంక్ మొత్తం నాదే అనుకుంటుంది.

దీనికి మందు చూపుకు అడ్డం పెట్టడమే. పొడవాటి మొక్కలు, చెక్క ముక్కలు, గుండ్రని రాళ్లు, పగలగొట్టి అంచులు నున్నగా చేసిన మట్టి కుండ ముక్కలు వాడొచ్చు. ట్యాంక్‌ను రెండు మూడు గదులుగా విడదీసినట్టు అమర్చండి. దాక్కునే చోట్లు చేపల సంఖ్య కన్నా ఒకటి రెండు ఎక్కువే ఉండాలి. ప్రతి గుహకూ రెండు దారులు ఉంచండి. ఒకటే దారి ఉంటే లోపల దూరిన చేప చిక్కుకుపోతుంది.

ఒక మినహాయింపు ఉంది. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్లను పెంచే అనుభవజ్ఞులు కావాలనే ట్యాంక్‌లో ఎక్కువ చేపలను వేస్తారు. దెబ్బలు ఒక్కదానికే పడకుండా పంచుకుంటాయని వారి లెక్క. కానీ దానికి పెద్ద ట్యాంక్, బలమైన ఫిల్టర్, తరచూ నీళ్ల మార్పు కావాలి. కొత్తవాళ్లు ఇది చూసి గప్పీల ట్యాంక్‌ను కిక్కిరిసేలా నింపకండి.

మేత, నీళ్లు కూడా కారణమే

మేత మొత్తం ఒక మూల గుప్పించకండి. ఒకేసారి ట్యాంక్ రెండు చివర్లా కొద్దికొద్దిగా వేయండి. అడుగున తినే చేపలకు మునిగే గుళికలు విడిగా ఇవ్వండి. రోజుకు రెండుసార్లు, రెండు మూడు నిమిషాల్లో తినేంత చాలు. ఎక్కువ పెడితే శాంతిస్తాయనుకోవడం పొరపాటు. మిగిలిన మేత కుళ్లి నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది. అది మొప్పలను దెబ్బతీస్తుంది. అసలే ఒత్తిడిలో ఉన్న చేపకు ఇది మరో దెబ్బ.

వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి షాపులో దొరికే క్లోరిన్ విరుగుడు మందు కలిపాకే పోయండి. ఒక్క ఆర్‌ఓ నీళ్లతోనే ట్యాంక్ నింపకండి, అందులో చేపలకు కావాల్సిన ఖనిజాలు బాగా తక్కువ. గప్పీ, ఏంజెల్, బార్బ్ లాంటి వేడి ప్రాంతపు చేపలకు నీటి వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే సరిపోతుంది. మన ఎండాకాలంలో నీళ్లు అంతకు మించి వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది. అప్పుడు గాలి పంపు ఆపకండి. ట్యాంక్‌ను కిటికీ ఎండకు దూరంగా ఉంచండి.

కొత్త చేపను వేసేటప్పుడు..

• వీలైతే రెండు మూడు వారాలు వేరే టబ్‌లో ఉంచి, జబ్బు లేదని తేలాకే వేయండి.
• ముందు పాత చేపలకు మేత వేయండి. కడుపు నిండితే కొత్తదాని మీదకు ఎగబడటం తగ్గుతుంది.
• అదే రోజు లోపలి అమరిక మార్చండి. అప్పుడు పాతవాటికీ ఆ ట్యాంక్ కొత్తదే.
• లైట్ ఆర్పి, సాయంత్రం పూట వదలండి.
• జాగా కోసం గొడవపడే రకాలైతే ఒక్కొక్కటిగా కాకుండా, చోటు చూసుకుని రెండు మూడు కలిపి వేయండి.
• అన్నిటికన్నా పొగరు చేపను ఎప్పుడూ చివర్లో వేయండి. ముందే వేస్తే ట్యాంక్ మొత్తం దాని రాజ్యమైపోతుంది.

గాయపడిన చేపకు ఏం చేయాలి?

చిరిగిన రెక్కలు చాలావరకు వాటంతటవే పెరుగుతాయి. కావాల్సింది శుభ్రమైన నీళ్లు, ప్రశాంతత. వేరే టబ్‌లో పది లీటర్ల నీళ్లకు 10 గ్రాముల చొప్పున కల్లుప్పును ముందే ఓ గ్లాసులో కరిగించి, కొద్దికొద్దిగా కలపొచ్చు. కోరీ, లోచ్ లాంటి అడుగున తిరిగే చేపలకు ఉప్పు పడకపోవచ్చు, వాటికి వాడకండి. మొక్కలున్న పెద్ద ట్యాంక్‌లో ఉప్పు వేయకండి. గాయంపై దూదిలా తెల్లగా పేరుకున్నా, రెక్కలు అంచుల నుంచి కుళ్లుతున్నా పశువైద్యుడిని గానీ, అనుభవమున్న పెంపకందారుని గానీ అడగండి. అంతేకానీ యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చి నీళ్లలో కలిపేయొద్దు.

ఈ పనులు మాత్రం చేయొద్దు

• ఫైటర్ ముందు గంటలకొద్దీ అద్దం పెట్టి వినోదం చూడటం. ఎదుట ఇంకో మగచేప ఉందనుకుని అది అలసిపోతుంది.
• వీడియో కోసం రెండు చేపలను కావాలని కొట్లాటకు దింపడం. కోడిపందెం ఎంత క్రూరమో ఇదీ అంతే.
• ఆస్కార్‌కు, ఫ్లవర్‌హార్న్‌కు బతికున్న చేపలను మేతగా వేయడం. వాటితో పాటు జబ్బులూ లోపలికి వస్తాయి.
• వద్దనుకున్న చేపను చెరువులో వదిలేయడం.

ఈ చివరి మాట చాలామందికి పుణ్యకార్యంలా అనిపిస్తుంది. కానీ దాని ఫలితం మన చెరువుల్లో ఇప్పటికే కనిపిస్తోంది. ట్యాంక్ క్లీనర్ పేరుతో అమ్మే సక్కర్ చేప దక్షిణ అమెరికాది. అది ఇప్పుడు తెలుగు రాష్ట్రాల నీటి వనరుల్లో మత్స్యకారుల వలలకు చిక్కుతోంది. గట్టి పొలుసులు, ముళ్లతో వలలు చింపేస్తుంది. జనం దాన్ని దెయ్యం చేప అంటున్నారు. తూర్పు కనుమల నీటి వనరుల్లో ఇది ఎంతగా వ్యాపించిందో నీటిలో దొరికే డీఎన్‌ఏ ఆధారంగా హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పరిశీలించారు కూడా. కాబట్టి వద్దనుకున్న చేపను షాపులో తిరిగి ఇవ్వండి. లేదా పెద్ద ట్యాంక్ ఉన్న తెలిసినవాళ్లకు ఇవ్వండి.

ఎంత చేసినా మారకపోతే?

అమరిక మార్చారు, సంఖ్య సరిచేశారు, మేత తీరు మార్చారు. రెండు మూడు వారాలు గడిచాయి. మళ్లీ వీడియో తీసి పాతదానితో పోల్చి చూడండి. తరమడం తగ్గి, అన్ని చేపలూ బయటకు వచ్చి తింటుంటే మీరు గెలిచినట్టే. అప్పటికీ ఒకే చేప మిగతావాటిని చీలుస్తుంటే మాత్రం దాన్ని ఒంటరిగా ఉంచాల్సిందే. కొన్ని చేపలు నిజంగానే ఒంటరిగా బతకడానికి పుట్టినవే. అందులో వాటి తప్పేమీ లేదు.

ఇక షాపులో కొత్త చేప ముద్దుగా కనిపించినప్పుడు రంగు చూసి కవర్‌లో కట్టించుకోకండి. ముందు రెండే రెండు ప్రశ్నలు అడగండి. ఇది ఎంత పెద్దది అవుతుంది? దేనితో కలిసి ఉంటుంది? వీటికి సరైన జవాబు తెలిశాకే ఇంటికి తెచ్చుకోండి. గాజు గోడల మధ్య ఆ చేపకు ఇరుగుపొరుగును ఎంచిపెట్టేది మీరే. అది పారిపోలేదు, ఇల్లు మారలేదు.